'హామిల్టన్' నచ్చినవాళ్ళకి తెలుగులో ఏం నచ్చుతుంది? కొత్త నవలలు, పాటల నాటకాల మీద నా అభిప్రాయాలు

మీ ప్రశ్నని కుదించి చెప్పుకుంటే ఇదీ. మీరు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఓటీటీలో 'హామిల్టన్' అనే అమెరికన్ పాటల నాటకం చూశారు, పిచ్చెక్కిపోయి మళ్ళీ చూశారు. కథంతా పాటల్లో నడిచే అలాంటి నాటకం తెలుగులో ఉందా, పద్యనాటకానికి వెళ్తే బుర్రకెక్కుతుందా, ఈ పదేళ్ళలో వచ్చిన తెలుగు నవలల్లో చదవదగ్గవి ఏవి అని అడిగారు. విమర్శకుల మాటలు వద్దు, మీకేమనిపించిందో చెప్పండి అన్నారు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

ఉక్కునగరంలో ఉద్యోగం చేసుకుంటూ చాలాకాలం పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. మిగతా టైమంతా నవలలు. ఈ రెండు అలవాట్ల వల్ల నాకొక వంకర అంటుకుంది. నవలని కూడా చెవితోనే చదువుతాను. ఒక పేజీ పైకి చదివితే, మాట్లాడుతున్నది ఎవరో పేరు చూడకుండానే తెలియాలి. తెలియలేదా, ఎన్ని అవార్డులొచ్చినా ఆ పుస్తకం నాకు అక్కర్లేదు. స్టేజి మీద కూడా అంతే. రాగం ఎంత గొప్పగా ఉన్నా దాని వెనక మనిషి వినపడకపోతే నాకు విసుగు. కింద రాసేదంతా ఈ వంకర చూపుతో రాసిందేనని గుర్తుపెట్టుకోండి.

ముందు నాటకం సంగతి. 'హామిల్టన్' నేనూ చూశాను. అమెరికా తొలి ఆర్థిక మంత్రి జీవితం, అదీ రాన్ చెర్నో 2004లో రాసిన లావుపాటి జీవితచరిత్ర ఆధారంగా. వింటేనే ఆవలింత వచ్చే సబ్జెక్టు. దాన్ని లిన్ మాన్యువల్ మిరాండా ర్యాప్‌లో పెట్టి 2015లో బ్రాడ్‌వే ఎక్కించాడు. మరుసటి ఏడాది 11 టోనీలు (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద అవార్డులు), ఒక పులిట్జర్. మీరు చూసింది 2016లో అసలు నటులతో తీసి 2020లో వదిలిన రికార్డింగు. అందరూ ర్యాప్ స్పీడు గురించి మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది అది కాదు, మనిషికొక సంగీతం ఇవ్వడం. ఇంగ్లండు రాజు మూడో జార్జి వస్తే పాట అరవైల నాటి బ్రిటిష్ పాప్ పాటలా వగలు పోతుంది. జెఫర్సన్ యుద్ధం అయిపోయాక పారిస్ నుంచి తీరిగ్గా దిగితే వెనక పాతకాలపు జాజ్ మొదలవుతుంది. మిగతావాళ్ళంతా ర్యాప్‌లో ఉన్నప్పుడు ఈయన ఒక తరం వెనకబడి వచ్చాడన్న సంగతి ఎవరూ నోరు విప్పకుండానే తెలిసిపోతుంది. అదీ నాటక సంగీతం అంటే.

మరి మనకి ఉందా? ఉంది, నూట నలభై ఏళ్ళుగా ఉంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నుంచి వచ్చిన నాటకాలవాళ్ళు ఆంధ్ర పట్టణాల్లో తిరిగి ఆడితే మనవాళ్ళకి ఊపొచ్చింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం' లాంటి నాటకాల్లో పాటలకీ పద్యాలకీ పెద్దపీట వేశారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ఆడిన కుటుంబాలే ఇవాళ్టి సురభి వాళ్ళు. ఆ రోజుల నాటక సంగీతం ఒక కలగూరగంప. కర్ణాటక రాగాలు, హిందుస్తానీ రాగాలు, పార్సీ నాటక కంపెనీల మట్లు, అంటే బాణీలు, అన్నీ అందులో ఉన్నాయి. సభల్లో పాడే విద్వాంసులు ముక్కు విరిచారు గానీ జనం ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చారు.

అప్పుడు మైకులు లేవు. రాత్రంతా ఆట, ఆరుబయట పందిరి, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా పద్యం అందాలి. అందుకే నటులు గొంతుని పై శ్రుతిలో పెట్టేవారు, పద్యం చివర రాగం తీసి గాల్లో నిలబెట్టేవారు. అది అవసరం కోసం పుట్టిన పద్ధతి. మైకులు వచ్చాయి, హాళ్ళు వచ్చాయి, ఆ శ్రుతి మాత్రం దిగలేదు. మీలాంటి కొత్తవాళ్ళకి పద్యనాటకం అరుపులా వినిపించడానికి సగం కారణం ఇదే. గురజాడ కళాక్షేత్రంలో నాలుగు స్పీకర్లు పెట్టుకుని, పక్క ఊరికి వినపడేలా పాడతారు. నేను ఈ మాట అంటే మా బృందంలో వాళ్ళకి కోపం వచ్చేది.

మిగతా సగం కారణం కంట్రాక్టు నాటకాలు. పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి పిలిపించి, రిహార్సల్ లేకుండా ఒక రాత్రికి స్టేజి ఎక్కించే పద్ధతి అది. కురుక్షేత్రం నాటకం కరపత్రం మీద 'ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు' అని చూస్తే కంగారు పడకండి. పడక సీనుకి (కృష్ణుడు నిద్ర నటిస్తుంటే దుర్యోధనుడు, అర్జునుడు సాయం అడగడానికి వచ్చే సీను) ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. 'హరిశ్చంద్ర'లో కూడా అంతే, కాటి సీను హరిశ్చంద్రుడు వేరే. కథలో మనిషి ఒకడే అయినా నటుడు, గొంతు, పొడవు, లావు అన్నీ మారిపోతాయి. జనానికి అది తప్పుగా తోచలేదు, ఎందుకంటే వాళ్ళు కథ కోసం రాలేదు, కథ వాళ్ళకి తెలుసు. ఈయన ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడో, ఆయన ఎలా దించుతాడో పోల్చుకోడానికి వచ్చారు. ఒకే కృతిని ఇద్దరు విద్వాంసుల నోట వినడం లాంటిది. ఈ సంగతి తెలిసి వెళ్తే చాలా చిరాకు తగ్గుతుంది.

ఇక వన్స్ మోర్. నిండు సభలో కృష్ణుడు కౌరవుల్ని హెచ్చరిస్తూ 'జెండాపై కపిరాజు' అందుకుంటాడు. పద్యం పూర్తవగానే హాల్లోంచి వన్స్ మోర్. కృష్ణుడు సభని వదిలేసి జనం వైపు తిరిగి మళ్ళీ మొదటి నుంచీ పాడతాడు. దుర్యోధనుడు మీసం మీద చెయ్యేసి, ఆ బెదిరింపు అంతా రెండోసారి వినడానికి సిద్ధంగా కూర్చుంటాడు. హార్మోనియం దగ్గర కూర్చున్నవాడికి నవ్వాపుకోవడం పెద్ద పని. నా మాటేమిటంటే, పడక సీనులో 'బావా ఎప్పుడు వచ్చితీవు' రెండుసార్లు పాడినా నష్టం లేదు, అక్కడ కృష్ణుడు ఎలాగూ నాటకమే ఆడుతున్నాడు. రాయబారంలో మాత్రం వన్స్ మోర్ అడిగితే ఆ సీను చచ్చిపోయినట్టే.

ఈ గోలలో పడకుండా పాడినవాళ్ళు ఉన్నారు. మన బొబ్బిలి వైపు మనిషి పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు వేస్తే రాగం తగ్గేది, అర్థం పెరిగేది. ఏ మాట మీద నొక్కాలో, ఎక్కడ విరవాలో ఆయనకి తెలుసు. తెనాలి వైపు అభిమానులకి షణ్ముఖి ఆంజనేయరాజు రాగాలు ప్రాణం. ఆ వాదన తెగేది కాదు, నేను పీసపాటి పక్షం. యూట్యూబ్‌లో ఇద్దరివీ దొరుకుతాయి. ఒకే పద్యం ఇద్దరి గొంతులోనూ విని మీరే తేల్చుకోండి.

బుర్రకెక్కుతుందా అన్నదానికి ఒక చిన్న ఉపాయం. 'హామిల్టన్' అభిమానులు ఏం చేస్తారో మీకు తెలుసు కదా, ముందు ఆల్బమ్ వింటారు, పాటల సాహిత్యం చదువుకుంటారు, తర్వాత నాటకం చూస్తారు. ఇక్కడా అదే చెయ్యండి. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం'లో రాయబారం భాగం ఒక్కటి ముందుగా చదవండి. చాలా పద్యాలు మీరనుకున్నంత కష్టం కాదు, మాట్లాడే తెలుగుకి దగ్గరగానే ఉంటాయి. 'చెల్లియో చెల్లకో' పద్యం ఒక్కసారి అర్థం చేసుకుని వెళ్తే, ఆ రాత్రి హాల్లో అది పాడుతున్నప్పుడు కృష్ణుడు బతిమాలుతున్నాడా బెదిరిస్తున్నాడా అన్నది నటుణ్ణి బట్టి ఎలా మారుతుందో పట్టుకోగలరు.

'హరిశ్చంద్ర'కి వెళ్తే కాటి సీను దాకా ఉండండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడే ఆ గొప్ప పద్యాలు మాత్రం ఆయనవి కావు, గుర్రం జాషువావి. నటులు తెచ్చి కలుపుకున్నారు. అంటరానితనం అనుభవించిన కవి రాసిన పద్యాల్ని, కాటికాపరిగా మారిన చక్రవర్తి నోట పెట్టాలని మొదట ఎవరికి తట్టిందో గానీ, ఆ ఆలోచనకి నేను దణ్ణం పెడతాను. పురాణ నాటకంలోకి సమకాలీన కవిత్వం అంత చక్కగా దూరిపోయిన చోటు నాకింకోటి తెలీదు. మిరాండా సొంత తెలివి అంటున్నామే, దానికి సాటిగా నిలబడే పని అది.

ఇంకో మాట. పాటల నాటకం అనగానే కిరీటాలే గుర్తొస్తే సగమే తెలిసినట్టు. ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు ఉండేవాడు, 2020లో పోయాడు. ఈ విశాఖలోనే షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశాడు. ఆయన 'భూమి భాగోతం' నా దృష్టిలో మన ప్రాంతపు అసలైన మ్యూజికల్. కాళ్ళకి గజ్జెలు, ఊరి మట్లు, మన యాస, భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందన్న కథ. రాజకీయాలు నచ్చచ్చు, నచ్చకపోవచ్చు. పాట మొదలైతే పాడేవాడు ఏ ఊరివాడో, ఏ పని చేసేవాడో చెవికి తెలిసిపోతుంది. మూడో జార్జి పాటలో మీకు నచ్చింది కూడా అదే కదా. దాన్ని ఉద్యమం పాటల పెట్టెలో పడేసి, నాటకంగా ఎవరూ సరిగ్గా మాట్లాడుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

సురభి వాళ్ళు ఊళ్ళోకి వస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. వాళ్ళ 'మాయాబజార్'లో ట్రిక్కులు బావుంటాయి. సంగీతం కోసం అయితే నేను వెళ్ళను.

ఇక నవలలు. ఇక్కడ నాకున్న ఫిర్యాదు కూడా పద్యనాటకం మీద ఉన్నదే. అక్కడ రాగం మాటని మింగేస్తుంది, ఇక్కడ రచయిత సేకరించిన సమాచారం మనుషుల్ని మింగేస్తుంది. ఈ పదేళ్ళలో పెద్ద నవలలు చాలావరకు ఒక ప్రాంతాన్నో, ఒక వృత్తినో, ఒక కాలాన్నో తీసుకుని తవ్వినవి. తవ్వడం మంచిదే. తవ్విన మట్టంతా పేజీల మీద పొయ్యకూడదు.

ఆ మట్టి తక్కువ ఉన్న నవల సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా బహుమతి వచ్చింది, 2021లో క్రిష్ సినిమా తీశాడు. సినిమా చూసేశాను కదా అని వదలకండి. కరువొస్తే మేత కోసం, నీళ్ళ కోసం గొర్రెల్ని నల్లమల అడవుల్లోకి తోలుకుపోయే కాపరుల కథ. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు తండ్రి వెంట కొండెక్కుతాడు. రచయితది కడప జిల్లా, ఆ కాపరుల మాట ఆయనకి నాలిక మీద ఉంది. పది పేజీలు మనకి, అంటే విశాఖ వాళ్ళకి, కొంచెం తడుముకున్నట్టు ఉంటుంది. పైకి చదవండి, పోతుంది. రాత్రి మంద చుట్టూ కాపరులు కేకలేసుకునే చోట్లు చదువుతుంటే ఎవరు ఏ వైపు నుంచి అరుస్తున్నారో కూడా వినిపిస్తుంది. పులి వస్తుందేమోనన్న టెన్షన్ అంతా ఆ కేకల్లోనే ఉంది, వర్ణనలో లేదు. నాకు నచ్చనిది ఒకటే. కుర్రాడు అడవి నుంచి పాఠాలు నేర్చుకునే చోట అప్పుడప్పుడు వ్యక్తిత్వ వికాసం క్లాసు వాసన వేస్తుంది. తండ్రి, మిగతా ముసలి కాపరులు మాట్లాడినంతసేపూ ఆ వాసన ఉండదు.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ, హండే రాజుల కాలం. 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దీనికే. తెలుగులో చారిత్రక నవల అంటే కోట లోపలి వ్యవహారం, రాణి గారి నిట్టూర్పులు అన్న అలవాటుని ఇది తిరగేసింది. కరువు, ఆకలి, కులం, కింద ఉన్నవాళ్ళ చావుబతుకులు ముందుకొస్తాయి. గొప్ప పనే. అయితే మనుషులు చాలామంది, పేర్లు గుర్తుండవు, కొన్నిచోట్ల చరిత్ర మాస్టారు వచ్చి కథకుణ్ణి పక్కకి జరుపుతారు. చదివి తీరాలంటాను, హాయిగా చదివించిందని మాత్రం అనను.

మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం' మీకు రెండు విధాలా పనికొస్తుంది. దేవదాసి కుటుంబాల నుంచి వచ్చిన కర్ణాటక సంగీత కళాకారిణుల లోకం అది, 2022 అకాడమీ అవార్డు. సంగీతం గురించి నవల రాయడం పెద్ద సాహసం. కాగితం మీద రాగం పలకదు, కల్యాణి అని రాస్తే తెలిసినవాడికే తెలుస్తుంది. ఈ నవలలో నాకు కచేరీల కన్నా కచేరీ చుట్టూ ఉన్న ఇల్లు ఎక్కువ వినిపించింది. పాట ఎవరిది, దాని మీద వచ్చే డబ్బు ఎవరిది, గౌరవం దొరకాలంటే పుట్టిన ఇంటిని ఎంతవరకు దాచుకోవాలి అన్న లెక్కలు. ఏ పాటకత్తె గొంతు వెనకైనా ఇన్ని గొంతులు నొక్కుకుపోయి ఉంటాయా అనిపించింది. నెమ్మదైన పుస్తకం. రైల్లో చదవకండి.

మన తీరానికొస్తే చింతకింది శ్రీనివాసరావు 'మున్నీటి గీతలు'. ఉత్తరాంధ్ర మత్స్యకారుల జీవితం. ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి వంజరం బేరమాడి రావడం తప్ప మనలో చాలామందికి ఆ మనుషులు తెలియరు. ఆ ఒక్క కారణానికైనా విశాఖ వాళ్ళు చదవాలి. నా తూకం కొంచెం కఠినం ఇక్కడ, ఎందుకంటే ఇది రావిశాస్త్రి ఊరు. ఆయన రాతలో ఒక సాక్షి కోర్టు బోనెక్కి రెండు ముక్కలు మాట్లాడితే ఆ మనిషి పేట, పని, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నాడో కూడా తెలుస్తుంది. ఆ చెవితో వింటే ఈ నవలలో సముద్రం మీద ఉన్నప్పటి మాటలు బతికున్నాయి, ఒడ్డున సమస్యలు వివరించే మాటలు కొంచెం రిపోర్టులా ఉన్నాయి.

కుర్ర రచయితల నవలల గురించి కూడా అడిగారు. హైదరాబాదులో కొత్త ప్రచురణ సంస్థలు వచ్చాక అట్టలు బావున్నాయి, అమ్మకాలూ బావున్నట్టున్నాయి. కొంటూనే ఉన్నాను. చాలావాటిలో నాకు కనిపించేది నవల కాదు, ఓటీటీకి రాసిపెట్టుకున్న స్క్రిప్టు. సీన్, కట్, ఫోన్ మోగుతుంది, ఫ్లాష్‌బ్యాక్. అందరూ ఒకే తెలుగు, అదే హాస్టల్ తెలుగు మాట్లాడతారు, తాతయ్యతో సహా. వీటిలోంచి మంచివాళ్ళు తేలతారు, తొందరేం లేదు.

చివరిగా మీరు సరదాగా అడిగిన ప్రశ్న, ఏ తెలుగు నవల మ్యూజికల్‌గా పనికొస్తుంది అని. ఇది నేను సీరియస్‌గానే ఆలోచించాను. విక్టర్ హ్యూగో 'లే మిజరాబ్ల్' 1862 నాటి నవల. అందులో వాటర్లూ యుద్ధం మీద, పారిస్ మురుగు కాలవల మీద అధ్యాయాలకి అధ్యాయాలే ఉన్నాయి. 1980లో పారిస్‌లో, 1985లో లండన్‌లో స్టేజి ఎక్కినప్పుడు ఆ వ్యాసాలన్నీ ఎగిరిపోయాయి, మనుషులు మిగిలారు. (ఇదే కథ 1950లో మనకి 'బీదలపాట్లు' సినిమాగా వచ్చింది, చిత్తూరు నాగయ్య గారు వేశారు.) అంటే పాటకి పనికొచ్చే నవలని పట్టాలంటే, సమాచారం తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలి. ఆ లెక్కన నా ఓటు 'కొండపొలం', దాన్ని తప్పెటగుళ్ళ ఆటపాటలో పెట్టాలంటాను. తప్పెటగుళ్ళు ఆడేది మన ఉత్తరాంధ్ర యాదవులు, పశువుల్నీ గొర్రెల్నీ కాచిన కులం. గుండెల మీద ఆ గుళ్ళు, అంటే గుండ్రటి రేకు వాయిద్యాలు, కట్టుకుని వాళ్ళు వరసగా అడుగేస్తుంటే మంద కదిలినట్టే ఉంటుంది. కడప మాట, శ్రీకాకుళం అడుగు కలుస్తాయా అని మా మిత్రుడొకాయన వాదించాడు. ధార్వాడ మట్టుకి తెలుగు పద్యం కలిసింది కదా, ఇదీ కలుస్తుందని నా వాదన. ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, హార్మోనియం నేను వాయించను, తప్పెటగుళ్ళకి హార్మోనియం అక్కర్లేదు కూడా. వచ్చి చూస్తాను.

ఇంగ్లీషు మ్యూజికల్ ప్రత్యక్షంగా చూడాలంటే మనకి ముంబై దగ్గర. అక్కడి నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌లో 2023లో 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్', 2025లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా' ఆడారు. విమానం, హోటల్, టికెట్ కలిపితే బరువే. 'ఫాంటమ్' బ్రాడ్‌వేలో 35 ఏళ్ళు ఆడి 2023లో ఆగింది గానీ, నాకు ఆ ట్యూన్లు తప్ప మనుషులు గుర్తులేరు. మీరు 'హామిల్టన్' మనిషి, మీకూ అంతే అవుతుందని నా అనుమానం.

కళాభారతి, గురజాడ కళాక్షేత్రం కార్యక్రమాలు పేపర్లో సిటీ పేజీలో పడతాయి, చాలా నాటకాలకి టికెట్ ఉండదు. మధ్య వరసల్లో కూర్చోండి, ముందు వరస పెద్దమనుషులది, వాళ్ళు మధ్యలో లేచి సన్మానాలకి వెళ్తుంటారు. నవలలు కొనేముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒకసారి చూడండి. 'కొండపొలం'తో మొదలుపెట్టి, తర్వాత 'మనోధర్మపరాగం' తీసుకోండి. 'శప్తభూమి' మాత్రం ముందే పట్టుకోకండి, సగంలో ఆపేసి నన్ను తిట్టుకుంటారు.